ఆ మడిలో మళ్ళీ పార వెయ్యొద్దు

పృథ్వీ,

లారీ వచ్చే టైమయింది, తువాస్‌లో పనికి పోతున్నా. పిట్టల మేతకని మన ఫ్లాట్ల బ్లాకు వెనక తీసుకున్న మడిలో మళ్ళీ పార వెయ్యొద్దు.

దాన్ని ఖాళీగా ఉంచింది బద్ధకంతో కాదు. నీళ్ళు పెట్టి, కలుపు మొలవనిచ్చి, పైపైన గీరి పారేశాను. అట్లా రెండుసార్లయింది. ఇంకొక్కసారి గీరి కొర్రలు చల్లేవాణ్ణి. నువ్వేమో ఇంటర్నెట్‌లో తీసిన కాగితం చేత పట్టుకుని మోకాలి లోతు తవ్వి చల్లేశావు. అడుగున పడున్న కలుపు విత్తనమంతా పైకొచ్చింది. తుంగగడ్డలు ముక్కలయ్యాయి, ప్రతి ముక్కా మొలుస్తుంది. అన్నని ఒక్క మాట అడిగితే నీ ఉద్యోగం పోతుందా? నీ కంప్యూటర్ని నేనెప్పుడైనా ముట్టుకున్నానా?

సాయంత్రం రాగానే తుంగగడ్డలు చేత్తో ఏరు. గట్టున పడెయ్యకుండా సంచిలో కట్టి చెత్తలో వెయ్యి.

ఊరి నుంచి తెచ్చిన కొర్రలు ఇక గుప్పెడే మిగిలాయి. దాచేశాను, వెతకొద్దు.

పిట్టలెప్పుడొస్తాయని నీ కూతురు రోజూ కిటికీ దగ్గర నిలబడుతోంది. ఇంకో రెండు నెలలు పడుతుందని నువ్వే చెప్పు. నేను చెప్పను.

అన్న

నీ అరచేతుల్లో బొబ్బలు చూశాను. కొబ్బరినూనె స్టవ్ పక్కన పెట్టాను. రాసుకో. రాసుకుని ఏరు.