ఆషాఢంలో కొన్న క్రిస్మస్ బట్టలు

మచిలీపట్నం,
2025 డిసెంబరు 1, సోమవారం.

విల్సన్‌కు,

నీకు, రూతమ్మకు, ప్రీతికి ప్రభువు పేరిట వందనాలు. ఏడేళ్ళు మీ క్షేమం అడగనివాడు ఇప్పుడు క్షేమమా అని రాస్తే బాగుండదు. అందుకని ఆ మాట వదిలేస్తున్నాను.

ముందు మీ అక్క చివరి రోజు సంగతి రాస్తాను. అది నీకు తెలియాలి.

అక్టోబరు పద్నాలుగు, మంగళవారం. ముందురోజు బీపీ పడిపోయిందని డయాలసిస్ సగంలో ఆపేశారు. ఉదయం ఏడున్నరకి కృపావతి రెండు చెంచాల పాలు తాగింది. తొమ్మిదింటికి పాస్టరుగారు వచ్చి ప్రార్థన చేశారు. ఆమెన్ అని పెదవులు కదిపింది. పదిన్నరకి డాక్టరుగారు నన్ను వరండాలోకి పిలిచి, ఇక మా చేతుల్లో లేదన్నారు. కిడ్నీలు పూర్తిగా పోయాయి కాబట్టి మాట తేడాగా రావచ్చు, కంగారుపడవద్దన్నారు. పదకొండు దాటాక ఆమె కళ్ళు తెరిచింది. "టైలర్ నాగబాబుతో చెప్పండి. కొలతలు తప్పితే తప్పాయి, పండక్కి మాత్రం వేసుకోమనండి" అంది. బట్టలు కుట్టేవాణ్ణి వేసుకోమనడం ఏమిటి? డాక్టరుగారు చెప్పిన తేడా ఇదే అనుకున్నాను. అలాగేనన్నాను. "చెప్తారుగా?" అని మళ్ళీ అడిగింది. చెప్తానన్నాను. ఆ తర్వాత మాట లేదు. మూడుంపావుకి ఊపిరి ఆగింది. నర్సు టైమెంతయిందని అడిగింది. మీ అక్క ఫోను నా చొక్కా జేబులో ఉంది. అందులో చూసి చెప్పాను.

సమాధుల తోటలో నువ్వు నన్ను ఒకే ఒక్క మాట అడిగావు. "అక్క నా గురించి ఏమన్నా అందా బావగారూ?" అని. స్పృహ లేదన్నాను. నువ్వు తలూపి, గుప్పెడు మట్టి వేసి, గేటు వైపు నడిచావు. స్పృహ లేదన్నది అబద్ధం. పైన రాసింది నిజం.

ఇన్నాళ్ళూ రాయనిది ఈ రోజు ఎందుకు రాస్తున్నానంటే, ఈ రోజు స్టార్ కట్టే రోజు.

నీకు గుర్తుండే ఉంటుంది, మా ఇంట్లో డిసెంబరు ఎలా ఉండేదో. ఇంటికి రంగులు, బట్టలు, పిండివంటల సామాను, చర్చి చందా, క్యారల్స్ వాళ్ళు వచ్చే రోజున నలభై మందికి టీ, కేకు. అన్నీ ఒకే నెలలో మీద పడేవి. మా కాలేజీలో ఆ నెల జీతం ఎప్పుడూ ఆలస్యమే. నేను అరిచేవాణ్ణి. మామూలుగా తక్కువ మాట్లాడే మనిషిని కాబట్టి, డిసెంబరులో నా నోరు ఇంటికి నాలుగు వైపులా వినపడేది.

2018లో మీరు ఇరవైమూడో తారీఖున వచ్చారు. బుట్టలో పీతలు తెచ్చారు. ఆ రోజు అప్పటి టైలర్ చుట్టూ మూడుసార్లు తిరిగినా మీ అక్క జాకెట్టు కుట్టలేదు. పెయింటరు సగం గోడ వదిలేసి పోయాడు. నేను స్టూలెక్కి స్టార్ కడుతుంటే బల్బు వెలగలేదు. మీరు ముగ్గురూ అన్నానికి కూర్చున్నారు. "పండగపూట ఎందుకండీ బావగారూ అంత ఇదైపోతారు, ఇటివ్వండి నేను చూస్తా" అన్నావు. అందులో తప్పేమీ లేదు. నేను స్టూలు మీద నుంచే, "బుట్టెడు పీతలు తెచ్చి వారం రోజులు తిని పోవడానికి ఇదేమన్నా సత్రమా?" అన్నాను.

రూతమ్మ కలిపిన ముద్ద కంచంలోనే వదిలేసింది. నువ్వు చెయ్యి కడుక్కుని, "లే ప్రీతీ, బస్సుంది" అన్నావు. పాపకి ఐదేళ్ళు. "స్టార్ వెలిగాక వెళ్దాం నాన్నా" అంది. మీరు వెలగకుండానే వెళ్ళారు.

ఆ తర్వాత జరిగింది నీకు తెలియదు. మీ అక్క మీ వెనకే వీధి మలుపు దాకా వచ్చింది. నువ్వు తిరిగి చూడలేదు. ఇంటికొచ్చి నాతో, "వాడు నా చేతుల్లో పెరిగాడండీ, రేపు వెళ్ళి బతిమాలి తీసుకొస్తాను" అంది. నేను బైబిలు తెచ్చి బల్ల మీద పెట్టి, ఆమె చెయ్యి దాని మీద పెట్టించాను. నా నోటితో నేను పిలిచేదాకా నీతో మాట్లాడనని, నీ పేరు ఎత్తనని, నీకు ఏమీ పంపనని చెప్పించాను. ఆమె చెప్పింది. నిలబెట్టుకుంది.

ప్రతి క్రిస్మస్ ఉదయం నీ ఫోను వచ్చేది. బల్ల మీద మోగేది. ఆమె ఎత్తేది కాదు. ఆగేదాకా దాని వైపు చూసి, ఆగాక నా వైపు చూసేది. నేను పేపరు చదువుకునేవాణ్ణి. అక్క నిన్ను వద్దనుకుందని నువ్వు అనుకుని ఉంటావు.

మరుసటి ఏడు నుంచి ఆమె క్రిస్మస్ పనులు ఆషాఢంలో మొదలుపెట్టింది. పక్కింటి బాలసరస్వతిగారితో కలిసి పాసింజరు ఎక్కి గుడివాడ వెళ్ళి, ఆషాఢం తగ్గింపుల్లో బట్టలు కొనేది. రిటైరైన టీచరు కదా, ఆవిడకి వేళాకోళం ఎక్కువ. "ఆషాఢంలో పండగ బట్టలేమిటే, మేం గుమ్మం కూడా దాటం" అనేవారట. "మీకు మంచి రోజులు కావు గానీ పిన్నిగారూ, నాకు మంచి రేట్లు" అనేది మీ అక్క. ఆగస్టులో బట్టలు టైలర్‌కి వెళ్ళిపోయేవి. జీడిపప్పు, కిస్‌మిస్ నెలకి కొంచెం చొప్పున డబ్బాల్లోకి చేరేవి. వానలు తగ్గగానే రంగులు. స్టార్ వైరు, బల్బు సెప్టెంబరులోనే చూసి, వెలిగించి, మళ్ళీ మూట కట్టేది. డిసెంబరు వచ్చేసరికి అరిసెలు వండడం, చర్చికి వెళ్ళడం తప్ప పని మిగిలేది కాదు.

నాకు చాలా నచ్చింది. కామర్సు పాఠం చెప్పేవాణ్ణి కదా, ఖర్చును ఏడాది పొడవునా సర్దుకోవడానికి ఉదాహరణగా క్లాసులో మా ఇంటినే చెప్పాను. నేను అరవడం మానేశాను. మానేసింది నా గొప్పతనమే అనుకున్నాను.

ఆమె పోయిన పదో రోజున బాలసరస్వతిగారు కాఫీ తెచ్చి నా ముందు పెట్టారు. "ఒక మాట చెప్తాను, కోపం తెచ్చుకోకు నాయనా. గోడ ఇవతల మాకే డిసెంబరంటే గుండెలు దడదడలాడేవి. గోడ అవతల దానికెలా ఉండేదో! డబ్బు కలిసొస్తుందని అనుకున్నావా ఆషాఢంలో మొదలెట్టింది? నీకు అరవడానికి ఏమీ మిగల్చకూడదని" అన్నారు. కాఫీ చల్లారేదాకా కూర్చుని వెళ్ళారు.

మీరు వెళ్ళిపోయిన మరుసటి ఏడు నుంచి ప్రతి డిసెంబరు ఒకటిన నేను స్టూలెక్కితే ఆమె కింద వైరు పట్టుకునేది. ఆ రోజు మాత్రం ఒక్కసారి, పేరు ఎత్తకుండా, "ఈ ఏడు వాళ్ళని పిలుస్తారా?" అని అడిగేది. "వైరు సరిగ్గా పట్టుకో" అనేవాణ్ణి. ఆరేళ్ళు ఆరుసార్లు అడిగింది. పోయినేడు డయాలసిస్ నుంచి వచ్చిన సాయంత్రం, చేతికి బ్యాండేజీతో వైరు పట్టుకుని అడిగింది. అదే జవాబు చెప్పాను.

ఈ రోజు మధ్యాహ్నం నాగబాబు ఫోన్ చేశాడు. "పండగ రష్ మొదలైంది సార్, షాపులో కాలు పెట్టే చోటు లేదు. అమ్మగారి మూట తీసుకెళ్తారా?" అన్నాడు. కోనేరు సెంటరు దగ్గర అతని షాపుకి వెళ్ళాను. పేపరులో చుట్టిన మూట ఇచ్చాడు. మీద మీ అక్క చేతిరాత. నాగాయలంక అని మీ ఊరి పేరు, ఒక్క మాట.

అందులో నీకు చొక్కా, రూతమ్మకి తెల్లచీర, దాని మీదకి జాకెట్టు, ప్రీతికి పొడుగు గౌను ఉన్నాయి. విడిగా నాకో చొక్కా. ఆమెకి ఏమీ లేదు. అడిగితే నాగబాబు, "పోయినేడాది చీరే కొత్తగా ఉంది అన్నారండి" అన్నాడు. ఆ చీరతోనే ఆమెని పెట్టెలో పడుకోబెట్టాం.

నాగబాబు మాటకారి. కత్తెర ఆపకుండానే చెప్పుకుపోయాడు. "రూతమ్మగారికి నా ఆది జాకెట్టే పెట్టు, పెళ్ళయిన కొత్తలో నావే వేసుకునేది అన్నారు అమ్మగారు. పాపకే చిక్కొచ్చింది సార్. పిల్లని చూపించకుండా ఏటా గౌను కుట్టమంటే ఎట్టా అమ్మా, నేనేమన్నా సోది చెప్పేవాణ్ణా అన్నాను. ఆ ఈడు పిల్లని ఒకమ్మాయిని తెచ్చి నిలబెట్టేవారు. లోపల మడత ఎక్కువ వదులు నాగబాబూ, పొడుగైతే వాళ్ళమ్మ విప్పుకుంటుంది అనేవారు."

ఆ అమ్మాయి ఎవరో నాకు తెలుసు. గిలకలదిండి నుంచి మా సండే స్కూలుకి వచ్చే పాప. ఏటా జనవరి మొదటి ఆదివారం ఆ పాప కొత్త గౌనుతో వచ్చేది. మీ అక్క దయగల మనిషని నలుగురిలో చెప్పేవాణ్ణి. అవి ప్రీతి గౌన్లు. క్రిస్మస్ దాకా నా నోటి మాట కోసం చూసి, రాకపోతే ఆ పాపకి ఇచ్చేసేది. పెద్దవాళ్ళ బట్టలు కూడా కుట్టించింది ఈ ఒక్క ఏడాదే. తనకి ఇంకో ఏడాది లేదని తెలిసే ఉంటుంది.

ఎప్పుడు కుట్టావని అడిగాను. "సెప్టెంబరు పదికల్లా అయిపోయాయండి. వచ్చి హుక్కులతో సహా చూసుకున్నారు. తీసుకెళ్ళండమ్మా అంటే, ఇంటికి తెస్తే సారు అడుగుతారు, అబద్ధం చెప్పలేను, నీ దగ్గరే ఉండనీ అన్నారు. సారు పిలిస్తే పిల్లని ఇక్కడికే తెస్తాను, వేసి చూద్దువుగాని అన్నారు. నేనింక ఫోన్ కూడా చెయ్యలేదండి, ఈ రోజే చెయ్యడం" అన్నాడు.

ఇంటికొచ్చి స్టార్ కట్టాను. వైరు పట్టుకునేవాళ్ళు లేక కిటికీ ఊచకి చుట్టాను. స్టూలు దిగాక కొంచెంసేపు అక్కడే నిలబడ్డాను. ఎవరూ ఏమీ అడగలేదు. ఆరింటికి స్విచ్ వేశాను. వెలిగింది.

మూట మీది. మిమ్మల్ని ఇంటికి రమ్మనే ముఖం నాకు లేదు. అయినా ఆమె ఆరేళ్ళు అడిగిన మాట కాబట్టి రాస్తున్నాను. ఈ క్రిస్మస్‌కి మీరు ముగ్గురూ రండి. ఇంతకన్నా రాయడం నాకు చేతకాదు.

ఇట్లు,
శ్యామ్ సుందర్

తా. క. సంతకం పెట్టి అరగంటయింది. కవరు అంటించలేకపోయాను. అసలు సంగతి రాయలేదు.

ఆ రోజు ఆమె ఫోనుకి నువ్వు మూడుసార్లు చేశావు. పదకొండుకి, పదకొండూ ఐదుకి, పదకొండూ పన్నెండుకి. ఎవరో నీకు కబురు చెప్పి ఉంటారు. నీ పేరు చూసి మూడుసార్లూ నేనే కట్ చేశాను. నేను ఎత్తి చెప్పి ఉంటే, నువ్వు వెంటనే బయల్దేరి ఆమె ఊపిరి ఉండగా అందుకునేవాడివి. ఎందుకు చేశానంటే, నువ్వు ఆ గదిలోకి వస్తే తప్పు ఏడేళ్ళూ నాదేనని అందరి ముందూ తేలిపోతుంది. అంతకు మించి కారణం లేదు.

మూడోసారి మోగినప్పుడు ఆమె కళ్ళు తెరిచింది. ఎవరండీ అంది. టైలర్ నాగబాబు అన్నాను. నోటికొచ్చిన పేరు అది. ఆమె నా ముఖం వైపు చూసింది. క్రిస్మస్ ఉదయం ఫోను ఆగాక చూసే చూపే. అప్పుడే అంది, పైన రాసిన మాట.

నాగబాబు పని నెల కిందటే అయిపోయిందని ఆమెకి తెలుసు. ఫోను ఎవరిదో తెలుసు. నేను అబద్ధం చెప్తున్నానని తెలుసు. బైబిలు మీద చెయ్యి పెట్టి ఇచ్చిన మాట తప్పకుండా, నీ పేరు ఎత్తకుండా, నీకు చెప్పవలసింది నాతో చెప్పి పంపింది. నేను దాన్ని మతి తప్పిన మాట అనుకున్నాను. ఈ మధ్యాహ్నం నాగబాబు కత్తెర ముందు నిలబడ్డప్పుడు అర్థమైంది.

చెప్తానని రెండుసార్లు మాటిచ్చాను. ఇప్పుడు చెప్తున్నాను. కొలతలు తప్పితే తప్పాయి. పండక్కి మాత్రం వేసుకోండి.

ఈ ఉత్తరం పోస్టులో వెయ్యను. రేపు ఉదయం మొదటి బస్సుకి చల్లపల్లి మీదుగా అవనిగడ్డ వెళ్ళి, అక్కడ నాగాయలంక బస్సెక్కుతాను. మీ గేటు దగ్గర సంచి నీ చేతికిస్తాను. పైన ఉత్తరం, మధ్యలో బట్టలు, అడుగున ఆమె ఫోను ఉంటాయి. నీ మూడు కాల్సూ అందులో అలాగే ఉన్నాయి. లోపలికి రాను. నువ్వు చదవడం అయ్యేదాకా రోడ్డు మీద నిలబడతాను.