మల్లికను గుమ్మంలో నిలబెట్టిన సంగతి

పూజ్యుడైన అన్నయ్యకు, చెల్లెలు రాజ్యలక్ష్మి నమస్కరించి వ్రాస్తున్న ఉత్తరం.

నీ ఉత్తరం మొన్న అందింది. నువ్వూ వదినా కులాసాగా ఉన్నారని చదివి కుదుటపడ్డాను. నేను క్షేమంగానే ఉన్నాను. ఇక్కడి చలికి నా మోకాలి నొప్పి పెరుగుతుందని నువ్వు భయపడ్డావు గాని, ఇళ్ళలోనూ ఆఫీసుల్లోనూ వేడి గొట్టాలుంటాయి కాబట్టి లోపలున్నంతసేపూ నాకు ఏ ఇబ్బందీ లేదు. ఈ మాట నమ్ము.

ముందుగా మన ఊళ్ళో నా గురించి తిరుగుతున్న మాటను సరిదిద్దాలి. నేను పేకాట ఆడటం లేదు. డబ్బు పెట్టి ఏ ఆటా ఆడలేదు, ఆడను. నా ఉద్యోగం పోలేదు. నెమలి గ్రామం తిరునాళ్ళలో ఎవరో నిన్ను ఆపి, "ఏమండీ, మీ చెల్లెలుగారు అమెరికాలో క్లబ్బు తెరిచారంటగా, మాకూ మెంబర్షిప్పు ఇప్పిస్తారా?" అని నవ్వారని వ్రాశావు. అది విని వదిన, "అరవై దాటాక మన రాజ్యానికి ఇదేం పోయేకాలం" అన్నదని కూడా వ్రాశావు. వదిన ఆ మాట అనకుండా ఉంటేనే నాకు ఆశ్చర్యం కలిగేది. ఆమె మీద నాకు కోపం లేదని చెప్పు.

జరిగింది ఇది. విస్సన్నపేట అబ్బాయి ప్రసాదు ఇక్కడ ఇంజనీరింగులో పరిశోధన చేస్తున్నాడని లోగడ వ్రాశాను. "రాజ్యలక్ష్మి అత్తయ్యగారు శనివారాలు మాతో కలిసి ఆట ఆడుతున్నారు" అని అతను తల్లికి వ్రాశాడు. ఆ కబురు విస్సన్నపేటలో బస్సెక్కి తిరువూరులో దిగేసరికి పేకాట అయింది, మన వీధికి నడిచి వచ్చేసరికి క్లబ్బు అయింది.

ఇంతటితో తలెత్తుకుని ఉత్తరం ముగించగలిగితే బాగుండేది. ముగించలేను. మీరు విన్న తప్పు నేను చెయ్యలేదు గాని, మీరు వినని తప్పు ఒకటి చేశాను. దాన్ని దాచిపెట్టి ఈ ఖండన ఒక్కటీ పంపితే నా ముఖం నేనే అద్దంలో చూసుకోలేను. నువ్వేమో ఆ పుకారు పట్టుకుని, నేను వేసవిలోపు తిరిగి రావాలని నిశ్చయించి, మేడమీద గదికి సున్నం వేయించి, నన్ను వెంటబెట్టుకు రమ్మని ప్రసాదుకు కూడా వ్రాశావు. దానికి జవాబు ఇవ్వాలంటే ముందు ఈ సంగతి చెప్పాలి.

నా పని నీకు తెలిసిందే. లెక్కల పాఠాలు చెప్పి రిటైరైన నన్ను, ఇక్కడి విశ్వవిద్యాలయం వారు కంప్యూటరు ద్వారా తెలుగు నేర్పే పాఠాలు తయారుచెయ్యడానికి పిలిచారు. పెద్ద హాల్లో వరసగా బల్లలు, ప్రతి బల్ల మీదా నల్లని అద్దం, దాని ముందు టైపు మిషనుకున్నట్టు మీటలు. మీట నొక్కితే అద్దం మీద నారింజరంగు వెలుగుతో అక్షరాలు లేస్తాయి. గుణింతాలు ఆ వెలుగులో కనిపించిన రోజున, చెప్పడానికి పక్కన మన మనిషి ఒక్కరూ లేరే అని బాధపడ్డాను.

పని రోజులు గడిచిపోతాయి. శనివారం వచ్చేసరికి ఊరంతా తలుపులు మూసుకుంటుంది. కుక్కరులో అన్నం వండుకుని, పెరుగు కలుపుకుని, కిటికీలోంచి మంచు చూస్తూ తింటే, మళ్ళీ సోమవారం దాకా నా గొంతు నాకే వినిపించదు. ఇది నీకు బెంగ కలిగించడానికి వ్రాయడం లేదు. అలవాటు పడ్డాను. అయితే ఒక శనివారం మధ్యాహ్నం ఏదో పాఠం సరిచేద్దామని హాలుకు వెళితే, ప్రసాదూ మరికొందరు విద్యార్థులూ బల్లల ముందు కూర్చుని ఒకరినొకరు కేకలేసుకుంటున్నారు. "అత్తయ్యగారూ, మాకో మనిషి తక్కువైందండి. కూర్చోండి, నేర్పుతాం" అన్నాడు. కూర్చున్నాను.

ఆ ఆటను నీకు అర్థమయ్యేలా చెప్పడానికి ప్రయత్నిస్తాను. ఒక పట్టణం కింద నేలమాళిగ ఉంటుంది, అంతస్తు కింద అంతస్తు. అందులో నిధులు, వాటికి కాపలాగా రాక్షసులు. ఆడేవారు తలా ఒక వేషం ఎన్నుకోవాలి. ఒకరు కత్తి పట్టేవారు, ఒకరు మంత్రగాడు, ఒకరు తాళాలు తీసే దొంగ, ఒకరు గాయాలు మాన్పే వైద్యురాలు. అందరూ ఒక దండుగా దిగాలి. ఒంటరిగా దిగినవాడు మొదటి మలుపులోనే చస్తాడు. నన్ను మంత్రగత్తెగా ఉండమన్నారు, వెనక నిలబడవచ్చు గదా అని. నేను ఒప్పుకోలేదు. కత్తి తీసుకున్నాను. ప్రసాదు, "అత్తయ్యగారూ, మీ ముందు రాక్షసులేం నిలబడతార్లెండి. మా లెక్కల మాస్టారే గుర్తొస్తున్నారు" అన్నాడు. కొన్ని వారాలకే దండుకు నన్నే నాయకురాలిని చేశారు.

ఆ ఆటలో మంచి లేదనను. ఆ అద్దానికి నా నెరిసిన జుట్టు తెలియదు, నా చీర తెలియదు, నా ఉచ్చారణ తెలియదు. ఇక్కడి దుకాణంలో ఒకే మాట మళ్ళీ మళ్ళీ చెప్పవలసిన నేను, ఆ హాల్లో ఒక్కసారి చెబితే అందరూ వింటారు. కత్తి పట్టినవాడికి తాళం తియ్యడం రాదు, తాళం తీసేవాడు దెబ్బకు ఓర్వలేడు. కాబట్టి ఎంత మొండివాడైనా పక్కవాడిని అడిగి తీరాలి. తొందరపడినవాడికి వెంటనే శిక్ష పడుతుంది. నా క్లాసులో ఇంతమందిచేత ఇంత శ్రద్ధగా ముందాలోచన చేయించలేకపోయానే అనిపించింది.

లోపాలూ మొదటి నుంచీ కనిపించాయి. తెలివినీ ధైర్యాన్నీ కూడా మార్కుల్లో కొలుస్తుంది. ఆ నేలమాళిగలో ఎవరికీ ఆకలి లేదు, ముసలితనం లేదు. ఎదురైన ప్రాణిని నువ్వెవరు, ఎందుకు ఇక్కడున్నావు అని అడిగే దారి లేదు. చంపడమో పారిపోవడమో, అంతే. మంచి రసపట్టులో ఉండగా ఎక్కడో ఉన్న పెద్ద కంప్యూటరు ఆగిపోతే అందరూ గోళ్ళు కొరుక్కుంటూ కూర్చోవాలి. ఇవన్నీ నేను నవ్వుతూ ప్రసాదుకు చెప్పేదాన్ని. అసలు లోపం అప్పటికి నాకు తట్టలేదు.

మా దండులో వైద్యురాలి వేషం హెలెన్‌ది. మన పల్లెల్లో వ్యవసాయపు పనులను చూసి పరిశోధన చెయ్యాలని తెలుగు నేర్చుకుంటున్న పిల్ల. నేను తయారుచేసిన ప్రతి పాఠాన్నీ మొదట చదివి, ఎక్కడ అర్థం కాలేదో చెప్పేది తనే. తన వైద్యురాలికి తెలుగు పేరు కావాలంటే మల్లిక అని నేనే పెట్టాను. నేను చేరకముందు నుంచీ ఆ వేషాన్ని పెంచుకుంటూ వచ్చింది. మాలో ఎవరికి దెబ్బ తగిలినా మల్లిక మాన్పేది. నా కత్తివీరురాలు చాలాసార్లు బతికింది మల్లిక వల్లనే.

గడచిన నెల ఒక శనివారం మేం అంతకుముందు ఎవరూ దిగనంత లోతుకు దిగాం. నిధి దొరికింది. అంతలో వెనక నుంచి నిప్పులు కక్కే పాములు వచ్చాయి. ఇరుకు దారి, ఒకటే గుమ్మం, గుమ్మం దాటితే పైకి మెట్లు. ఎవరో ఒకరు గుమ్మంలో నిలిచి పాములను ఆపితే మిగిలినవారు మెట్లెక్కవచ్చు. నిలిచినవారు తిరిగి రారు. మెట్లెక్కాక మాకు గాయాలు మాన్పేవారితో పని లేదు. ఈ లెక్క నా మనసులో ఒక్క క్షణంలో తేలింది.

"హెలెన్, మల్లికను గుమ్మంలో నిలబెట్టు. మేం పైన మెట్లు చూసి వస్తాం" అన్నాను.

"తిరిగి వస్తారా టీచరుగారూ?" అంది.

"వస్తాం" అన్నాను.

అన్నయ్యా, మన అరుగు మీద బొగ్గుతో గీసుకుని పులి-మేక ఆడినప్పుడు, ఒక మేకను పులి నోటికిచ్చి పులిని కట్టెయ్యడం నీ దగ్గరే నేర్చుకున్నాను. మేకగా పెట్టుకున్న చింతపిక్కను అలా ఇచ్చేటప్పుడు ఏనాడూ నేను వెనకాడలేదు. పోయిన పిక్క ఆట అయ్యాక మన గుప్పిట్లోకే వచ్చేది. ఇక్కడ పిక్క వెనక ఒక మనిషి కూర్చుని ఉందన్న సంగతి, నా పక్క బల్ల దగ్గరే ఉన్న ఆ సంగతి, నాకు కనపడలేదు.

మేం మెట్లెక్కాం. మల్లిక చనిపోయిందని అద్దం మీద ఒక్క వాక్యం లేచింది. ఆ ఆటలో చనిపోయిన వేషం శాశ్వతంగా చెరిగిపోతుంది. వెంటనే మరో వాక్యం లేచింది, నాయకురాలి హోదా ఒక మెట్టు పెంచినట్టు. నేను చేసిన పనికి కంప్యూటరు నాకు ప్రమోషను ఇచ్చింది. నేను ఆలస్యంగా తెలుసుకున్న లోపం అదే. అది గెలుపును చూస్తుంది, గెలవడానికి ఎవరికి ఏమని మాటిచ్చావో చూడదు.

అందరూ చప్పట్లు కొట్టారు. ప్రసాదు, "ఏం బుర్రండీ మీది. మీరు మిలట్రీలో ఉండాల్సింది" అన్నాడు. నేను నవ్వాను కూడా. అప్పుడు హెలెన్ నా వైపు తిరిగి, మాటలు వెతుక్కుంటూ తెలుగులోనే అడిగింది.

"తిరిగి రారని మీకు ముందే తెలుసా?"

"తెలుసు."

"నాకు చెప్పి ఉంటే నేనే నిలబడేదాన్ని టీచరుగారూ."

కోటు తొడుక్కుని వెళ్ళిపోయింది. ప్రసాదు నన్ను ఓదార్చబోయాడు. "ఆటండీ అది. ఇంకో వేషం తయారు చేసుకుంటుంది. మీరు మనసులో పెట్టుకోకండి" అన్నాడు. ఆట అని సరిపెట్టుకోవచ్చు. కాని ఆ రోజు నేను చెప్పిన అబద్ధం ఆటలో చెప్పింది కాదు. పక్కన కూర్చున్న పిల్ల కళ్ళలోకి చూసి నా నోటితో చెప్పింది. అడిగితే ఆమె కాదనవచ్చు, అంతే కదా. ఆ కాదనే హక్కు ఆమెకు ఇవ్వడం నాకు ఇష్టం లేకపోయింది. నన్ను అడగకుండా నాన్నగారు నా చదువు మాన్పించబోయిన రోజున అన్నం ముట్టకుండా పంతం పట్టిన మనిషిని నేను. జీవితమంతా ఎవరి అజమాయిషీనీ సహించలేదని గర్వపడ్డాను. నాకు అజమాయిషీ దొరికిన మొదటి చోట నేను చేసిన పని ఇది. వ్రాస్తుంటే చెవులు వేడెక్కుతున్నాయి.

మర్నాడు ఆ పిల్ల హాస్టలుకు వెళ్ళాను. క్షమించమని అడిగాను. ఎవరినైనా ఆ మాట అడగడం నాకిదే మొదలు కాబట్టి సరిగా అడగడం చేతకాలేదేమో. "పరవాలేదండి" అంది, నేను నేర్పిన మర్యాదతోనే. లోపలికి రమ్మనలేదు. అప్పటి నుంచి హాల్లో తెలుగు పాఠాలకు రావడం లేదు. ఇంకా సగం పాఠాలు మిగిలి ఉన్నాయి. అవి పూర్తికాకుండా మన వైపు వస్తే, పొలంలో ఎవరు ఏమన్నా ఆమెకు అర్థం కాదు.

తలవంపులు తెచ్చింది పేకాట కాదు, ఇది. నెమలిలో నవ్వినాయనకు ఈ సంగతి చెప్పనక్కర్లేదు గాని, వదినకు చదివి వినిపించు. ఆమె నన్ను తిట్టినా ఫరవాలేదు, సరైన తప్పుకు తిడితే చాలు. ప్రసాదును ఏమీ అనవద్దని వాళ్ళ అమ్మగారికి కబురు పెట్టు. అతను ఉన్నదే వ్రాశాడు. మామిడి పూత ఈ ఏడు ఎలా ఉందో నువ్వు వ్రాయనేలేదు. మంచుకు మాడలేదు కదా? ఎవరైనా ఇటు వస్తుంటే కాస్త కుంకుడుకాయల పొడి, కందిపొడి పంపించు. చిన్నత్తకు నా నమస్కారాలు చెప్పు. పిల్లలకు ఆశీస్సులు. నా గురించి దిగులు పెట్టుకోవద్దు. తింటున్నాను, నిద్రపోతున్నాను, స్వెటరు వేసుకుంటున్నాను.

ఇక నీ ఆజ్ఞ సంగతి. నన్ను అడగకుండా నా ప్రయాణం నిశ్చయించావని మామూలుగా అయితే నీతో పోట్లాడేదాన్ని. ఈసారి ఆ నోరు నాకు లేదు. అయినా రాలేను. ఇప్పుడు బయలుదేరితే ఆ పిల్లను గుమ్మంలో నిలబెట్టి మెట్లెక్కిపోవడం రెండోసారి అవుతుంది. ఆమె తిరిగి వస్తుందో రాదో నాకు తెలియదు. వస్తే పాఠాలు సిద్ధంగా ఉండాలి, చెప్పే మనిషి ఉండాలి. నా కత్తివీరురాలిని, పెంచిన మెట్టుతో సహా, నిన్న చెరిపేశాను. దండు నాయకత్వం వదులుకున్నాను. నా కంట్రాక్టును మరో సంవత్సరం పొడిగిస్తూ ఇచ్చిన కాగితం మీద ఈ ఉదయం సంతకం చేశాను. మేడమీద గదిని మరి దేనికైనా ఉపయోగించుకో. నిన్ను అడగలేదు అన్నయ్యా. ఇందులో పోయేదేదైనా ఉంటే అది నాది ఒక్కదానిదే కాబట్టి, అడగలేదు.

నీ దీవెన కోరుతూ,
నీ చెల్లెలు
రాజ్యలక్ష్మి