ప్రెజెంట్ టీచర్

ఎల్లారెడ్డి, మంగళవారం రాత్రి

కామారెడ్డి ట్రైనింగ్‌ల చెప్పిండ్రు, క్లాసు బ్లాగుల పాఠం పెట్టి ఊకోవద్దు, కింద ఒక ప్రశ్న అడగాలె, అప్పుడే పిల్లలు కదులుతరు అని. అడిగిన. "మీ ఇంటికి నీళ్లు ఎక్కడినుంచి వస్తయి? కామెంట్ల రాయండి." పొద్దుగాల చూస్తే నా తొమ్మిదో తరగతోళ్లు దాదాపు అందరూ రాసిండ్రు. సంబురపడుకుంట తెరిచిన. ఒక్కరు కూడా నీళ్ల మాట ఎత్తలే. అందరిదీ ఒక్కటే జవాబు: "ప్రెజెంట్ టీచర్."

స్టాఫ్‌రూంల లెక్కల సారు ఒకటే నవ్వుడు. "ఏంది మేడం, హాజరు గూడ ఫోన్లనే తీసుకుంటున్నరా?" నాకు కోపమొచ్చింది. ఆయన మీదనో, నా మీదనో. పాఠం చదివిండ్రా, లేకపోతే నేను పేర్లు పిలుస్తున్న అనుకున్నరా? ఇంత కష్టపడి బొమ్మలు పెట్టిన, వీడియో పెట్టిన, అదంతా...

సాయంత్రం ఆ కామెంట్లన్నీ తీసేద్దామని కూసున్న. అట్టడుగున నస్రీన్ పేరు కనపడ్డది. పత్తి ఏరనీకి వాళ్లమ్మతోని మద్నూర్ పోయి, దసరా నుంచి బడికే రాని పిల్ల. చేన్ల ఎవరి ఫోన్ అడుక్కొని రాసిందో. ఆమె కూడా అదే రాసింది: "ప్రెజెంట్ టీచర్."

రిజిస్టర్ల రోజూ ఆమెకు ఆబ్సెంట్ వేస్తున్న. మరి ఇదేంది? తప్పు జవాబా? తీసేయనీకి చెయ్యి రాలే. నీళ్ల గురించి మళ్ల అడగాల్నా, ఎప్పుడొస్తవని అడగాల్నా?

ఆమె పేరు కింద ఒక్క ముక్క టైప్ చేసి, పంపకుంట ఇంకా చూస్తనే ఉన్న: "కూసో బిడ్డా."