ఎండ వైపు ఎర్రదారం

తెవాకాన్,
సోమవారం

నా బంగారు ఒబ్డూలియక్కకి,

వచ్చే శనివారం బస్సుకి నీ దగ్గరికి వచ్చేస్తున్నాను. ఎందుకని బావ ముందు అడగకు, ఇక్కడే చెప్పేస్తాను. పెళ్లయి ఈ ఇంట్లో కాలుపెట్టి ఏడాదైంది. ఫెర్మీన్ మంచివాడే. అతని కూతురు నియెవెస్ మాత్రం నన్ను పిన్నీ అనదు, పేరు పెట్టీ పిలవదు. ఆకలేస్తే "తోర్తియా రొట్టెలు అయ్యాయా?" అని పొయ్యిని అడుగుతుంది. పదకొండేళ్ల పిల్లకి ఎంత పట్టుదలో చూడు.

పోయిన వాళ్లమ్మ పెంచిన జెముడు మొక్క ఒకటుంది, గుమ్మడికాయంత. వేళ్లు ఒత్తి కుండీ పగిలింది. పిల్ల సంతోషిస్తుందని నేనే పాత కాగితాలు చుట్టి పట్టుకుని కొత్త కుండీలోకి మార్చాను. చేతుల నిండా ముళ్లే. మన సముద్రపు ఊళ్లో ఏ మొక్కని ఎటు తిప్పి పెట్టినా బతికేది కదా, అలాగే పెట్టేశాను. ఇక్కడ అలా కుదరదట. ఇన్నేళ్లూ నీడన ఉన్న వైపు ఎండకి తిరిగి, అరచెయ్యంత మేర కాలి పాలిపోయింది. నియెవెస్ చూసి ఒక్క మాటా అనలేదు. తిట్టినా బాగుండేది. ఆ తల్లిని నేనే రెండోసారి చంపానేమో అనిపించి ఏడ్చాను అక్కా. అడుసు తొక్కనేల, కాలు కడగనేల అంటావు నువ్వు. నిజమే.

ఫెర్మీన్‌కి ఇంకా చెప్పలేదు.

నీ చెల్లెలు,
ఎవులాలియా

తెవాకాన్,
ఆదివారం

అక్కా,

నిన్న బస్టాండులో నాకోసం పడిగాపులు పడి ఉంటావు. తిట్టుకో, పడతాను.

నిన్న పొద్దున పెట్టె పట్టుకుని వసారాలోకి వచ్చేసరికి నియెవెస్ కుండీ ముందు చతికిలబడి ఉంది. మొక్కని పాత వైపుకి తిప్పి, ముల్లుకి ఎర్ర ఊలుదారం కడుతోంది. పెట్టెని చూసింది, నన్ను చూసింది.

"ఇది ఎండ వైపు," అంది. "మార్చే ముందు దారం కట్టి గుర్తు పెట్టుకోవాలి. అమ్మ చెప్పింది."

"నాకు తెలీదమ్మా."

"నీకు తెలీదని నాకు తెలుసు. నువ్వు మారుస్తుంటే కిటికీలోంచి చూస్తూనే ఉన్నా. కావాలనే చెప్పలేదు."

ఆ మాటని తల దించేసుకుంది. తప్పు తనదేనన్న బాధ అది; ఇన్నాళ్లూ ఆ మౌనం నా మీద కోపమనుకున్నాను, పిచ్చిదాన్ని. పక్కన కూర్చుని, చచ్చిపోతుందా అని అడిగాను.

"మచ్చ పోదు. మొక్క చావదు." ముడి బిగించి, నా వంక చూడకుండానే అంది: "ఈసారి మార్చేటప్పుడు దారం చూసుకో పిన్నీ. పదేళ్లదాకా మార్చక్కర్లేదులే."

పదేళ్లట అక్కా. లోపలికెళ్లి పొయ్యి ముట్టించాను. ఫెర్మీన్ వచ్చి, వసారాలో పెట్టె ఎందుకుందని అడిగాడు. నేను నోరు తెరిచేలోపే ఆ పిల్ల అందుకుంది.

"అటక మీద దుమ్ము పట్టింది నాన్నా. దులుపుదామని మేమే దించాం."

ఇక్కడే ఉండిపోయిన
నీ ఎవులాలియా