పాత బోరులో నీళ్ళ చప్పుడు

బుధవారం, రాత్రి

చేలో ఎండిపోయిన పాత బోరును ఇవాళ పూడ్చేశాం. కేసింగ్ పైపు పీకి కొత్త బోరుకు వాడుకున్నాక, ఊళ్ళో అందరిలాగే మేమూ ఆ గుంత మీద ఎరువుల సంచి కప్పి, రాయి పెట్టి వదిలేశాం. పూడ్చాల్సిందేనని పంచాయతీ సెక్రటరీ ఎన్నిసార్లు చెప్పినా మా ఆయన, "వానలు పడితే మళ్ళీ ఊరుద్ది లెండి" అని దాటేసేవారు.

నిన్న మిరపకాయ కోతకొచ్చిన మరియమ్మ వెంట తెచ్చుకున్న ఐదారేళ్ళ కూతురు ఆ రాయిని పక్కకు జరిపి, సంచి అంచున కూర్చుని అన్నం తింటోంది. అరిస్తే ఉలిక్కిపడుతుందని, "అమ్మలూ, ఇటు రా, పచ్చడేస్తా" అన్నాను మెల్లగా. లేచి వచ్చింది.

ఇవాళ మొదటి గంప రాళ్ళు పోయగానే లోపల నీళ్ళ చప్పుడైంది. ఆయన నా చెయ్యి పట్టుకున్నారు.

"ఆగవే. కింద నీళ్ళున్నాయి."

కొత్త బోరు నీళ్ళు చాలక పక్కనే మిరప తోట వాడిపోతోంది. నాకు మాత్రం తెలియదా? మరియమ్మ రెండో గంప ఎత్తుకుని నిలబడింది. ఆ గంప అందుకుని నేనే కుమ్మరించాను.

ఆయన అన్నం తినకుండా పడుకున్నారు. తొందరపడ్డానేమో, రేపు ఈ తోట ఎండిపోతే... ఆ చప్పుడు మాత్రం చెవుల్లోంచి పోవడం లేదు. నిన్న ఆ పిల్ల జారి ఉంటే వినిపించేదీ అదే.