తుంగభద్రమ్మకు జోల

మోక, జనవరి 2007

చి. శ్రుతికి తాత కోటిలింగం ఆశీస్సులు.

ఈ ఉత్తరం రాయకుండా ఊరుకుందామనే అనుకున్నాను. బండ్రి బడిలో నీది టెంపరరీ ఉద్యోగమనీ, పిల్లలు సోషల్ తప్పితే వచ్చే ఏడు నిన్ను తీసుకోరనీ మీ అమ్మ ఏడ్చింది, అందుకని రాస్తున్నాను. నేను బడికి పోలేదు. నాకు వచ్చిందంతా చెక్కభజనలో, చెక్కలు కొడుతూ చిందేస్తూ వచ్చిందే. మా దళంలో పక్కీరప్పకు సొంత పిల్లల పేర్లు తడబడతాయి గానీ, అడుగు వేశాడంటే తెల్లారేదాకా చరణాలు చెబుతాడు. కాబట్టి పాఠాన్ని పాట కట్టాను:

తుంగ ఒకతి, భద్ర ఒకతి, తకతై
కూడ్లి కాడ కలిసినారు, తకతై

నేర్పించు.
నీ తాత

తా.క.: పాట తెలుగు, పరీక్ష కన్నడ. మన పిల్లలకు అదొక లెక్కా?

బండ్రి

తాతకు శ్రుతి నమస్కారాలు.

పాఠమంతా వచ్చేసింది. కానీ అడుగు వేయనిదే ఒక్క జవాబూ రాదు. నది పేరు అడిగితే సిద్ధేశ్ లేచి, బెంచీ జరిపి, రెండడుగులు ముందుకీ ఒకటి వెనక్కీ వేసి చెబుతాడు. హెడ్మాస్టరు వచ్చి, "ఏంది టీచరమ్మా, బయట గని లారీలు చాల్లేదా? ఈడ కూడా తోల్తాండావా?" అన్నారు. ఏదైనా చేయి.
శ్రుతి

మోక

అమ్మాయీ, క్షేమం.

అర్థమైంది, అడుగు తప్పుతోంది. వెనక్కి వేయాల్సింది రెండు. గజ్జెలు కూడా లేకపోతే ఎట్లా? మీ ఊరి మీదుగా పోయే హొన్నూరప్పతో ఒక మూట పంపుతున్నాను.
తాత

తా.క.: సిద్ధేశ్‌కు పెద్దవి కట్టు. వాడిలో పస ఉంది.

బండ్రి

తాతా!

పరీక్ష కూర్చుని రాయాలి! లేచినవాణ్ణి బయటికి పంపుతారు. నా ఉద్యోగం పోయినట్టే. గజ్జెలు హెడ్మాస్టరు లాక్కొని తన గదిలో పెట్టుకున్నారు.
నీ శ్రుతి

తా.క.: సాయంత్రం బడి వదిలాక ఆ గదిలోంచి ఘల్లుమంటోంది.

మోక

బంగారుతల్లికి.

కూర్చుని పాడేది మా దళంలో లేదు. మీ అవ్వ సుబ్బరత్నమ్మను అడిగితే, "ఉయ్యాల ఊపుతా ఎవురైనా చిందేస్తారా? జోల కట్టు" అనింది. పాఠమంతా జోలకు మార్చాను. ప్రతి పాదం చివరా జో జో.
తాత

తా.క.: ఇదే వరస మీ మామకు ఉయ్యాలలో పాడాను. వాడు పదో తరగతి తప్పడం వరస లోపం కాదు.

బండ్రి, ఏప్రిల్

పూజ్యులైన తాతకు.

పిల్లలందరూ అన్నీ రాశారు. ప్రతి జవాబు చివరా "జో జో" అని కూడా రాశారు. అన్ని పేపర్లలో ఒకే జో జో చూసి, కాపీ అని బళ్ళారి నుంచి ఆఫీసరు వచ్చారు. "లేచి చెప్పండి" అన్నారు. లేచేసరికి కాళ్లకు ఒక పాట, నోటికి ఇంకో పాట గుర్తొచ్చి అందరూ బిగుసుకుపోయారు. అప్పుడు ముందు బెంచీ పిల్ల కావేరి, "కూచుంటే వస్తాది సార్" అనింది.

కూర్చోబెట్టారు. పిల్లలు ఊగుతూ జోల ఎత్తుకున్నారు. నదులు, జిల్లాలు దాటి పాట ఇనుపరాయి గనుల దగ్గరికి వచ్చేసరికి, ఆఫీసరు కాపీ కాదని రాసి సంతకం పెట్టారు. వచ్చే ఏడూ నేనే టీచరు.

పిల్లలు పాట ఆపలేదు. ఆఫీసరు కుర్చీలోనే నిద్రపోయారు. కాసేపటికి డ్రైవరు వచ్చి లేపి తీసుకుపోయాడు.

నీ శ్రుతి