సగం పురుగులు బతకాలని మనవి

దోమల నివారణ దళం అధికారి గారి సముఖమునకు, బళ్లారి సత్యనారాయణపేట వాస్తవ్యుడు, జంతుశాస్త్ర పరిశోధక విద్యార్థి విజయ్ కుమార్ వ్రాసుకొన్న అర్జీ.

అయ్యా,

విషయం: మా మిద్దె మీది ఒక్క తొట్టిని సోమవారం వరకు తమ సిబ్బంది ముట్టకుండా ఉత్తర్వు ఇప్పించుట గురించి.

1. దోమలను చంపమని తమకు రోజూ అర్జీలు వస్తుంటాయి. నేనూ దోమలను చంపేవాడినే. సీతాఫలం గింజల కషాయంతో దోమ లార్వాలను చంపడం మీద నా పరిశోధన. అయితే తమ శాఖకు అన్నీ చావాలి, నాకు సగమే చావాలి. ఎంత మోతాదుకు సగం చస్తాయో తేల్చడమే నా చదువు. కప్పు కప్పుకూ మోతాదు పెంచుతూ పోసి, మరునాడు ఏ కప్పులో ఎన్ని చచ్చాయో కంప్యూటర్‌కు చెబితే, సాఫ్ట్‌వేర్ ఒక గీత గీసి ఆ మోతాదు చెబుతుంది. ఒక కప్పులో మాత్రం మందు వేయకుండా వట్టి నీళ్లు ఉంచాలి. అందులోవి హాయిగా బతకాలి. అవి బతికితేనే మిగిలినవి మందుకు చచ్చాయని రుజువు.

2. మా కాలేజీ ల్యాబ్‌లో కొళాయి కలదు, నీళ్లు లేవు. కనుక పరిశోధకులందరం ఇంటి నుంచి క్యాన్‌లో నీళ్లు మోసుకుపోవుట ఆనవాయితీ. కొళాయి వచ్చిన రోజు మా అమ్మ కృపమణి డ్రమ్ముకు పట్టిపెట్టిన నీళ్లు తీసుకుపోయి అన్ని కప్పులకూ పోశాను. మరునాడు చూస్తే అన్నింటిలోనూ పురుగులు చచ్చి ఉన్నవి. వట్టి నీళ్ల కప్పులోనూ ఒక్కటి కదలలేదు. సాఫ్ట్‌వేర్ గీత గీయనని మొరాయించి, జవాబు గడి ఖాళీగా వదిలింది. మా గైడ్ రుద్రేశ్ సార్ స్క్రీన్ చూసి, నన్ను చూసి, "ఏనప్పా విజయ్, ఈ నీళ్లు వాడి మీ ఇంట్లో మీరెట్ల బతికుండారప్పా?" అన్నారు. ల్యాబ్ అంతా పగలబడి నవ్వింది. నాకు తల కొట్టేసినట్టయింది.

3. ఇంట్లో విచారించగా తేలినదేమనగా, తమ సిబ్బంది నేత్రావతి గారు మా డ్రమ్ములో లార్వాల మందు వేసిపోయినారు. అమ్మే పిలిచి వేయించినది. "వాడకం నీళ్లే కదరా! తాగేదానికి వేరే క్యాన్ ఉండాది. నువ్వు ఈ నీళ్లు తీసకపోయి దోమలకు పెడతాండావని నాకేం తెలుసు?" అన్నది. న్యాయమే.

4. పిమ్మట తాగే నీళ్లతో మిద్దె మీద తొట్టిలో కొత్తగా లార్వాలు పెంచాను. కుక్క బిస్కెట్లు పొడి చేసి వేశాను. బిడ్డల్లా చూసుకున్నానయ్యా! తనిఖీకి వచ్చిన నేత్రావతి గారు ఒక్క తన్నుతో తొట్టిని బోర్లించి, వీధంతా వినేలా అరిచినారు.

"ఏందప్పా, ఇంత చదువుకొని దోమలు పెంచుతాండావా?"

"అక్కా, అవి నాకు లెక్కకు కావాలక్కా!"

"ఏం లెక్క? వాటికేమన్నా జనగణన చేస్తాండావా?"

ఎదురింటి పంపమ్మ ఆనాటి నుంచి వాళ్ల ఇంట్లో ఎవరు తుమ్మినా నన్నే తిడుతున్నది. ఆదివారం మా పాస్టర్ గారు "విజయ్ కుమార్ దోమలను విడిచిపెట్టునట్లు" అని పేరు పెట్టి ప్రార్థించగా, సంఘమంతా ఆమేన్ అన్నది. అందులో మా అమ్మ గొంతే పెద్దగా వినిపించింది.

5. సోమవారం లోపల ఫలితం చూపకపోతే నా రిజిస్ట్రేషన్ రద్దని కాలేజీ వారు చెప్పేసినారు. నాలుగేళ్ల చదువయ్యా, పురుగుల పాలవుతుంది. "ఏవో అంకెలు వేసెయ్, గీత దానంతటదే వస్తాది" అని స్నేహితులంటున్నారు. నిజమే, కంప్యూటర్ ఏ అంకె ఇచ్చినా నమ్ముతుంది. నాకే చేతులు రావడం లేదు. రేపు ఎవరో నా మోతాదు నమ్మి వాళ్ల డ్రమ్ములో పోసుకుంటే?

కావున తమరు దయతలచి ఆ ఒక్క తొట్టిని వదలవలెను. అందులోనే మళ్లీ నీళ్లు నింపి లార్వాలు పెంచుతూ, ఒక్కటి కూడా ఎగిరి బయటికి రాకుండా తొట్టికి దోమతెర కట్టి ఉన్నాను. దోమలకే దోమతెర కట్టినవాడు మన జిల్లాలో మరొకడు లేడు. నా అవస్థ ఇంతటిదని చిత్తగించవలెను.

తమ విధేయుడు, దోమలకు కూడా విధేయుడు,
విజయ్ కుమార్

తా.క.: అయ్యా, ఈ అర్జీ చేతికిద్దామని తమ ఆఫీసుకే వచ్చాను. "సాహేబ్రు దోమల మీటింగ్‌కు పోయిండారు, కూచోప్పా" అని అటెండర్ కొట్రేశ్ తమ గదిలో కూలర్ పక్కన కూర్చోబెట్టినాడు. కూర్చున్నది మొదలు కాళ్లకు ఒకటే కుట్టడం. అనుమానం వచ్చి కూలర్ తలుపు తీసి చూశాను.

అబ్బబ్బా! ఏం లార్వాలయ్యా అవి! ఎంత పుష్టిగా, ఎంత చురుగ్గా! నేను బిస్కెట్లు వేసి పెంచినవి వీటి ముందు దిగదుడుపే. "దీంట్లో ఎప్పుడన్నా మందు వేసినారా అన్నా?" అని అడిగాను. "ఈడ యాలప్పా? మందేసేటోళ్ల ఆఫీసే కదా ఇది!" అన్నాడు.

ఒక సీసా నింపుకున్నాను. ఇక మా తొట్టి సంగతి తమరు మరచిపోవచ్చు. అయితే పరీక్ష మళ్లీ మళ్లీ చేసి చూడాలి గనుక, కొత్తగా ఒకే ఒక మనవి. ఈ కూలర్ విషయంలో తమ శాఖ పనితీరును సోమవారం వరకు ఎట్టి పరిస్థితిలోనూ మెరుగుపరచవద్దు.